ఎత్తుపల్లాల ఏడో సీజన్‌ను కొలిచేదెలా?

1994 జనవరి 31న ప్రసారమైన ఎపిసోడ్‌లో ఒక డాక్టర్, చనిపోయిన అమ్మమ్మ ఇంటికి వెళ్లి అక్కడి కొవ్వొత్తిలో కాపురముండే వింత జీవితో ప్రేమలో పడుతుంది. ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేస్తుంది. సరిగ్గా వారం తర్వాత, ఫిబ్రవరి 7న వచ్చిన ఎపిసోడ్‌లో అదే అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్‌లో పనిచేసే ఒక చిన్న అధికారిణి, బతికి వస్తానో రానో తెలియని పనికి తనంతట తానే ఒప్పుకుని వెళుతుంది. మొదటిది 'సబ్ రోజా'. రెండోది 'లోయర్ డెక్స్'. రెండూ 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ ఏడో సీజన్‌లోవే. సిరీస్ మొత్తంలో అధ్వానమైన ఎపిసోడ్లు ఏవంటే అభిమానులు మొదటిదాని పేరు చెబుతారు, మేలైనవి ఏవంటే రెండోదాని పేరు చెబుతారు. ఓడ అదే, సెట్లు అవే, రచయితల బృందమూ అదే. మధ్యలో గడిచింది ఏడు రోజులు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సైన్స్ ఫిక్షన్ మీద మక్కువ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే నెల్లూరులో మేడలెక్కి ఆకాశంలో ఆ నిప్పుగీత కోసం చూస్తూ పెరిగిన పిల్లలు ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీల్లోనో ఉద్యోగాల్లోనో ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ పాత సిరీస్‌ను ఓటీటీలో మొదటి ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టి, సెలవు రోజుల్లో నాలుగైదు చొప్పున చూసుకుంటూ వస్తారు. ఆరో సీజన్ దాటేసరికి ఒక సందేహం ఎదురవుతుంది. ఏడోది బాగోదట కదా, ఇక్కడితో ఆపేద్దామా? కష్టపడి 152 ఎపిసోడ్లు చూసినవాళ్లకు చివరి 26 దగ్గర ఈ సందేహం రావడం చిన్న విషయం కాదు. దానికి సరైన జవాబు దొరకాలంటే ముందు కొలత సరిగ్గా ఉండాలి.

మామూలుగా జరిగేది సగటు తియ్యడం. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీల్లో లెక్క అలాగే ఉంటుంది. ఇచ్చిన సమయంలో జత మొత్తం ఎన్ని అడుగులు లాగిందన్నదే చూస్తారు. మధ్యలో ఎక్కడ మొరాయించింది, ఎక్కడ ఉరికింది అన్నది ఎవరూ అడగరు. అక్కడ అది న్యాయమైన పద్ధతి. సీజన్‌కు మాత్రం అది పనికిరాదు. పది బాగున్నాయి, పది బాగోలేదు, ఆరు ఫర్వాలేదు, కాబట్టి సీజన్ యావరేజ్ అని తేల్చేస్తే, 'లోయర్ డెక్స్' లాంటి ఎపిసోడ్ ఎందుకు పుట్టిందో, 'సబ్ రోజా' ఎందుకు బెడిసికొట్టిందో ఒక్క ముక్క కూడా తెలియదు. పాతబడిన సిరీస్‌ను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. గడిచిన ఆరేళ్లలో కూడబెట్టుకున్న దాన్ని ఈ సీజన్ వాడుకుందా, లేక అదేదీ లేనట్టు బయటి నుంచి సరుకు తెచ్చుకుందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే ఏడో సీజన్ ఎత్తుపల్లాలు చాలావరకు అర్థమవుతాయి. అన్నీ కావు. అర్థం కానివాటి సంగతి కూడా చూద్దాం.

ముందు ఆ ఏడాది పరిస్థితి. 1993 సెప్టెంబరు 20న మొదలై 1994 మే 23న ముగిసిన సీజన్ ఇది. ఇప్పటి ఓటీటీ సీజన్లు ఎనిమిది, పది ఎపిసోడ్లతో సరిపెట్టుకుంటుంటే, అప్పట్లో ఎనిమిది నెలల్లో ముప్పావు గంటవి 26 కథలు కావాలి. సృష్టికర్త జీన్ రాడెన్‌బరీ 1991 అక్టోబరులోనే కన్నుమూశారు. 1993 జనవరిలో మొదలైన ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్ 'డీప్ స్పేస్ నైన్' అప్పటికి రెండో సీజన్‌లో ఉంది. 1995 జనవరిలో రావాల్సిన మరో సిరీస్ 'వోయేజర్'కు పునాదులు వేస్తున్నారు. ఈ సీజన్ రచన బాధ్యత మోస్తున్న జెరి టేలర్ ఆ కొత్త సిరీస్ సృష్టికర్తల్లో కూడా ఒకరు. ఇది చాలదన్నట్టు ఈ సిరీస్ పాత్రలతోనే తీసే 'జనరేషన్స్' సినిమా స్క్రిప్టు రోనాల్డ్ డి. మూర్, బ్రానన్ బ్రాగా చేతుల్లో ఉంది. సీజన్ చివరి ఎపిసోడ్ రాయాల్సిందీ ఆ ఇద్దరే. అలసట ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

అలసిన రచయితలు ముందుగా పట్టుకునేది బంధువులను. ఈ సీజన్‌లో వరసగా చూడండి. 'ఇంటర్‌ఫేస్'లో ఓడ ఇంజినీర్ జోర్డి వాళ్లమ్మ తన ఓడతో సహా గల్లంతవుతుంది. 'డార్క్ పేజ్'లో ఓడ కౌన్సిలర్ ట్రాయ్‌కి, తనకు తెలియకుండానే చిన్నప్పుడు చనిపోయిన అక్క ఉందని బయటపడుతుంది. 'ఇన్‌హెరిటెన్స్'లో యంత్రమనిషి డేటాకు అమ్మ వస్తుంది. 'హోమ్‌వార్డ్'లో భద్రతాధికారి వార్ఫ్‌ను పెంచిన తల్లిదండ్రుల సొంత కొడుకు వస్తాడు. 'సబ్ రోజా'లో డాక్టర్ బెవర్లీ క్రషర్ అమ్మమ్మ. 'బ్లడ్‌లైన్స్'లో కెప్టెన్ పికార్డ్‌కు కొడుకున్నాడంటారు, చివరికి కాదని తేలుతుంది. తెలుగు డైలీ సీరియల్ నడిచే ఇంట్లో పెరిగిన ఎవరికైనా ఈ పద్ధతి కొట్టినపిండి. కథ కదలనప్పుడు చనిపోయిందనుకున్న తల్లి తిరిగొస్తుంది, ఎన్నడూ పేరు వినని తమ్ముడు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. నెల్లూరు ప్రేక్షకుడు అయితే మూడో బంధువు దిగేసరికే "ఏందబ్బా, మళ్లీ ఇంకొకరా?" అంటాడు.

బంధువు రావడం తప్పు కాదు. వచ్చిన బంధువు వల్ల మనకు తెలిసిన మనిషిలో తెలియని కోణం కనబడాలి. 'సబ్ రోజా'లో జరిగింది దానికి తలకిందులు. బెవర్లీ అంటే ఆరేళ్లుగా ప్రేక్షకులకు తెలిసిన మనిషి. ప్రతి లక్షణానికీ కారణం వెతికే వైద్యురాలు, కెప్టెన్‌తో అయినా సరే ఢీ అనే మనిషి. అలాంటామె తన వంశపు ఆడవాళ్లను తరతరాలుగా అంటిపెట్టుకుని వస్తున్న ఆకారం ఎదుట ఒక్క ప్రశ్నా వెయ్యకుండా లొంగిపోతుంది. చివర్లో నిజం తెలిసి తానే దాన్ని అంతం చేస్తుంది, నిజమే. కానీ అప్పటిదాకా తెరమీద ఉన్నది ఆమె కాదు. ఇంకో బాధాకరమైన సంగతి ఉంది. ఆరు ఎపిసోడ్ల ముందు, 'అటాచ్డ్'లో, పికార్డ్ మనసూ బెవర్లీ మనసూ ఒకదానికొకటి వినబడేలా కలిసిపోతాయి. ఇన్నేళ్లుగా ఇద్దరూ దాచుకున్న ఇష్టం బయటికొస్తుంది. భయపడక్కర్లేదేమో అంటాడాయన, భయపడాలేమో అని ఆమె వెనక్కి తగ్గుతుంది. ఎంతో సున్నితంగా తీసిన సన్నివేశం. 'సబ్ రోజా' రాసేటప్పుడు ఆ మాటలు ఎవరికీ గుర్తులేనట్టే ఉంటుంది. చేతిలో అంత మంచి కథ పెట్టుకుని కొవ్వొత్తి కోసం వెతకడం ఈ సీజన్ చేసిన అసలైన నష్టం.

అదే బంధువు పద్ధతితో 'ఇన్‌హెరిటెన్స్' మాత్రం నెగ్గుకొచ్చింది. డేటా యంత్రమనిషి. అతన్ని తయారుచేసిన డాక్టర్ సూంగ్‌కు ఒకప్పటి భార్య జూలియానా వచ్చి, నీకు అమ్మలాంటిదాన్ని అంటుంది. డేటాకు అనుమానం వస్తుంది. ఆమె కనురెప్పలు కొట్టుకునే తీరు, ప్రాక్టీసులోనూ కచేరీలోనూ పొల్లుపోకుండా ఒకేలా వాయించిన తీరు అతనికి మామూలుగా అనిపించవు. అసలు జూలియానా ఎప్పుడో చనిపోయింది, ఈమె సూంగ్ చేసిన ప్రతిరూపం. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలా వద్దా? చెబితే డేటాకు ఈ లోకంలో తనలాంటి తోడు దొరుకుతుంది. చెప్పకపోతే ఆమె మనిషిగానే బతుకుతుంది. మనిషి కావాలని ఆరేళ్లుగా తపించిన డేటా, ఆమెకు ఆ భాగ్యం మిగలనిచ్చి తాను ఒంటరిగా ఉండిపోతాడు. ఈ నిర్ణయం మొదటి సీజన్ డేటా తీసుకుని ఉంటే అది ఒక మలుపు మాత్రమే అయ్యేది. ఇన్నేళ్ల తపన వెనకాల ఉంది కాబట్టే గొంతు పట్టుకుంటుంది. బంధువు కొత్త, బరువు మాత్రం పాతది.

సీజన్‌లో ఆలోచనలు అడుగంటిపోయాయని కొందరు అంటారు. ఆ మాట ఒప్పుకోవడం కష్టం, ముఖ్యంగా ఈ తీరంలో ఉండి 'ఫోర్స్ ఆఫ్ నేచర్' చూసినవాళ్లకు. ఈ సిరీస్ మొత్తం నడిచేది వార్ప్ వేగం మీద. కాంతిని దాటి పోగలిగే ఇంజిన్ లేకపోతే కథే లేదు. 1993 నవంబరులో వచ్చిన ఈ ఎపిసోడ్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు, అన్నాచెల్లెళ్లు, వచ్చి ఆ ఇంజినే అంతరిక్షాన్ని చీల్చేస్తోందని చెబుతారు. ఎవరూ వినకపోతే చెల్లెలు సెరోవా తన ప్రాణం ఇచ్చి ఆ చీలికను నిజంగానే తెరిచి చూపిస్తుంది. అప్పుడు గానీ వేగానికి హద్దు పెట్టరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు, ప్రకాశం తీరమంతా టైగర్ రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. వరి పండే చేలు చెరువులయ్యాయి, చేతిలో డబ్బు ఆడింది. చెరువుల చుట్టుపక్కల బావుల్లో నీళ్లు ఉప్పగా మారుతున్నాయని ఊళ్లవాళ్లు మొత్తుకున్నా ఆ జోరులో ఎవరికి పట్టింది? 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరులో వచ్చింది. తర్వాత వెనామీ రకం రొయ్యతో మళ్లీ ఊపందుకుంది, అది వేరే కథ. అన్నం పెట్టే పనే కింద నేలను తినేస్తుంటే దాన్ని ఆపమని ఎవరు చెప్పాలి, చెబితే ఎవరు వింటారు? జోర్డి చివర్లో పడే మథన అదే. తాను ఇన్నాళ్లూ ప్రాణంలా చూసుకున్న ఇంజిన్ హాని చేస్తోందంటే మొదట తనకే నమ్మబుద్ధి కాలేదని ఒప్పుకుంటాడు. రొయ్యల రైతుకు ఆ మాట ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంత గట్టి ఆలోచనను ఎపిసోడ్ ఏం చేసిందన్నది చూస్తే కోపం వస్తుంది. మొదటి సగం డేటా పిల్లికి బుద్ధులు నేర్పే ప్రయత్నానికీ, ఇంకో ఓడ ఇంజినీర్‌తో జోర్డి పోటీకీ పోతుంది. అసలు సంగతి వచ్చేసరికి సమయం అయిపోతుంది. ఆ వేగపరిమితిని తర్వాత ఒకట్రెండు ఎపిసోడ్లలో, ఈ పనికోసం పరిమితి దాటవచ్చని అనుమతి వచ్చింది అన్న మాటతో గుర్తుచేసి ఊరుకున్నారు. ఆ పైన దాని ఊసే మెల్లగా తగ్గిపోయింది. ఆలోచన ఉంది, దాన్ని మోసే ఓపిక లేదు. ఈ సీజన్ జబ్బు ఇదే.

'లోయర్ డెక్స్' దగ్గర ఆ ఓపిక నిండుగా ఉంది. ఆరేళ్లుగా కథంతా ఓడను నడిపే చోటైన బ్రిడ్జి మీద కూర్చునే పెద్ద అధికారులది. వాళ్ల వెనకాల నడిచిపోయే చిన్న ఉద్యోగుల పేర్లు చాలావరకు తెలియవు. ఈ ఎపిసోడ్ కెమెరాను వాళ్ల దగ్గరికి తీసుకుపోయింది. ప్రమోషన్ల సమయం. ఒకే పోస్టుకు లవెల్, సీటో ఇద్దరూ పోటీ. పైవాళ్లు ఏమనుకుంటున్నారో తెలియక కిందివాళ్ల టెన్షన్. ఒకవైపు పెద్దల పేకాట, ఇంకోవైపు చిన్నవాళ్ల పేకాట మార్చి మార్చి చూపిస్తారు. ప్రమోషన్ లిస్టు కోసం ఎదురుచూసిన ఏ ఉద్యోగికైనా ఆ గదిలోని గాలి పరిచయమే.

సీటో జాక్సా బజోరన్ అనే గ్రహాంతర జాతి అమ్మాయి. అకాడమీలో ఉండగా ఒక సహవిద్యార్థి చావుకు దారితీసిన విన్యాసాన్ని కప్పిపుచ్చిన జట్టులో ఒకతె. పికార్డ్ ఆమెను పిలిచి ఆ పాత తప్పు ఎత్తి చూపి, ఈ ఓడలో ఉండే అర్హత నీకు లేదన్నంతగా మందలిస్తాడు. ఆమె తలొంచుకుని వెళ్లిపోతుంది. తర్వాత వార్ఫ్ ఆమెను యుద్ధవిద్య పరీక్షకు పిలుస్తాడు. కళ్లకు గంతలు కట్టి, వచ్చే దెబ్బలను కాచుకోమంటాడు. దెబ్బ మీద దెబ్బ తిని చివరికి గంతలు పీకేసి, ఇది అన్యాయమైన పరీక్ష అంటుంది. అన్యాయమని చెప్పడానికి ఇంతసేపు ఎందుకు పట్టింది అన్నట్టు చూస్తాడు వార్ఫ్. ఆ మాట కెప్టెన్‌తో కూడా చెప్పాలని అప్పుడు ఆమెకు అర్థమవుతుంది. వెళ్లి చెబుతుంది. పికార్డ్ అప్పుడు అసలు సంగతి విప్పుతాడు. ఆ మందలింపు కూడా ఆమెను పరీక్షించడానికే. ఒక రహస్య పనికి మనిషి కావాలి, బలవంతం లేదు. ఖైదీ వేషంలో శత్రువుల హద్దు దాటాలి. ఆమె సరేనంటుంది.

ఆమె తిరిగి రాదు. పికార్డ్ ఓడంతా వినబడేలా ఆ కబురు చెబుతాడు. లవెల్‌కు ప్రమోషన్ వస్తుంది, దాన్ని ఎలా తీసుకోవాలో అతనికి తెలియదు. వార్ఫ్ ఒంటరిగా కూర్చుని ఉంటాడు. వెళ్లి ఆ పిల్లలతో కూర్చోమని వెయిటర్ బెన్ చెబితే తటపటాయించి వెళతాడు. ఇది మొదటి సీజన్‌లో తీయలేని కథ. పికార్డ్ మాట ఎంత బరువో, వార్ఫ్ మౌనం ఎంత అరుదుగా కరుగుతుందో ముందుగా తెలిసి ఉండాలి. రెండు నిమిషాల సన్నివేశంలో ఆరేళ్లు ఖర్చుపెట్టారు, ఒక్క రోజూ వృథా పోలేదు. 2020లో వచ్చిన యానిమేషన్ సిరీస్‌కు ఈ ఎపిసోడ్ పేరే పెట్టారు.

'ది పెగాసస్' కూడా ఇదే కోవ. కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్ కుర్రతనంలో గుడ్డిగా ఆజ్ఞ పాటించి చేసిన పని, ఇన్నేళ్ల నమ్మకమైన ఉద్యోగం తర్వాత వెంటాడుతుంది. 'ప్యారలల్స్'లో పుట్టినరోజు కేకు చాక్లెట్‌ది కాస్తా ఇంకో రకంగా మారడంతో మొదలై వార్ఫ్ చుట్టూ లోకమే మారిపోతుంది. చివరికి ఆకాశం నిండా లక్షల కొద్దీ ఎంటర్‌ప్రైజ్‌లు. సరదాగా సాగే ఈ కథే వార్ఫ్, ట్రాయ్‌ల మధ్య ఒక దారి తెరిచింది, దాన్ని తర్వాతి ఎపిసోడ్లు మరిచిపోలేదు కూడా. 'జెనెసిస్' గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. సిబ్బంది అంతా పరిణామక్రమంలో వెనక్కి పోయి జంతువులవుతారు, మేకప్ బాగుంటుంది, అంతే.

'మాస్క్స్' విషయంలో మాత్రం అభిమానుల తీర్పుతో ఒప్పుకోలేం. ఓడ మెల్లగా పురాతన గుడిగా మారుతుంది. డేటాలోకి ఒకరి తర్వాత ఒకరు ఎవరెవరో వస్తారు. అందరూ మసాకా అనే దేవతకు వణుకుతుంటారు. పాశ్చాత్య ప్రేక్షకులు చాలామంది ఇదేం గోల అన్నారు. కొలుపుల్లో అమ్మవారు పూనడం చూసిన ప్రకాశం జిల్లా మనిషికి ఆ గోల కొత్తగా ఉండదు. ఉగ్రరూపంలో ఉన్న దేవతను ఓడించరు, శాంతింపజేస్తారు. పికార్డ్ చేసిందీ అదే. చంద్రుడి ముఖానికి సరిపోయే ముసుగు పెట్టుకుని వెళ్లి, ఆమెతో ఆమె పద్ధతిలోనే మాట్లాడి నిద్రపుచ్చుతాడు. తీత గజిబిజిగా ఉంది, నిజమే. కానీ ఆరేళ్ల కూడబెట్టుతో పనిలేకుండా ఒక పూర్తి కొత్త దారి పట్టిన ధైర్యం ఇందులో ఉంది. పైన చెప్పిన కొలతకు ఇది లొంగదు, కొలతకు లొంగనంత మాత్రాన పక్కన పెట్టెయ్యకూడదు.

'జర్నీస్ ఎండ్' చేజారిన అవకాశం. కార్డాసియన్లు అనే శత్రుజాతితో చేసుకున్న ఒప్పందం వల్ల ఒక గ్రహం హద్దు అవతలికి పోతుంది. అక్కడ స్థిరపడ్డ అమెరికా ఆదివాసుల సంతతిని ఖాళీ చేయించే పని పికార్డ్ మీద పడుతుంది. వెలిగొండ ప్రాజెక్టు ముంపు ఊళ్లలో పరిహారం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్ల పక్కన కూర్చుని చూస్తే ఈ కథ నుంచి చూపు తిప్పుకోలేం. మనం ఇక్కడికి ఊరికే రాలేదు, ఈ నేలను వెతుక్కుని వచ్చాం అని ఆ పెద్దలు చెప్పే మాటకు కథలో ఇంకా చోటు దొరికి ఉండాల్సింది. సగం సమయం బెవర్లీ కొడుకు వెస్లీ వీడ్కోలుకు పోయింది. ఇక్కడ నాటిన విత్తనం 'ప్రీఎంప్టివ్ స్ట్రైక్'లో మొలకెత్తింది. హద్దు ప్రాంతాల తిరుగుబాటుదారులలోకి గూఢచారిగా వెళ్లిన అధికారిణి రో లారెన్, వాళ్ల పక్షాన నిలిచిపోతుంది. ఆమెను నమ్మి పంపిన పికార్డ్ ఆ కబురు విని ఒక్క మాట మాట్లాడడు. పికార్డ్‌గా నటించిన పాట్రిక్ స్టీవార్ట్ ముఖం ఒక్కటే చాలు.

ఇక చివరి కథ 'ఆల్ గుడ్ థింగ్స్'. దీన్ని చూసినప్పుడు ఈ నేల మనిషికి ఎర్రన గుర్తుకు రావడం సహజం. నన్నయ అరణ్యపర్వం మధ్యలో భారతం ఆగిపోయింది. నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన ఖాళీని తర్వాతి శతాబ్దంలో, ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎర్రన పూరించాడు. నన్నయ దారిలో మొదలై తిక్కన దారిలోకి చేరేలా రాసి, ఆ భాగాన్ని నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ముందున్నది ఏమిటో, వెనకున్నది ఏమిటో రెండూ తెలిసి అతుకు కనబడకుండా రాయాలి. ఒకరు మొదలుపెట్టిన దాన్ని ఇంకొకరు కొనసాగించడంలో అంతకు మించిన కష్టం లేదు.

మూర్, బ్రాగాల ముందున్నదీ అలాంటి పనే. 1987 సెప్టెంబరులో మొదటి ఎపిసోడ్‌లో క్యూ అనే సర్వశక్తిమంతుడు మానవజాతిని బోనులో నిలబెట్టాడు. ఆ విచారణ ఇంకా ముగియలేదని ఏడేళ్ల తర్వాత తెలుస్తుంది. పికార్డ్ మూడు కాలాల్లో జారిపోతుంటాడు. ఓడలో చేరిన మొదటి రోజు, ఇప్పటి రోజు, పాతికేళ్ల తర్వాత ద్రాక్షతోటలో మతిమరుపు జబ్బుతో ఉన్న రోజు. గతంలో అతనికి సిబ్బంది అందరూ తెలుసు, వాళ్లకు అతను తెలియదు. అప్పుడే వచ్చిన కొత్త కెప్టెన్, కారణం చెప్పకుండా, ప్రాణాలకు తెగించి ఓడను ముందుకు నడపండి అంటాడు. మీరెవరో మీకు ఇంకా తెలియకపోయినా నాకు తెలుసు అన్న ధీమా ఆ గొంతులో ఉంటుంది. ఆ ధీమా ప్రేక్షకుడిది కూడా. అతుకు ఎక్కడా కనబడదు. 1995లో దీనికి సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అంతకుముందు ఏడాదే ఈ సీజన్ ఉత్తమ డ్రామా సిరీస్ విభాగంలో టీవీ అవార్డు ఎమ్మీకి నామినేట్ అయింది. అవార్డు రాలేదు గానీ, ఈ సిరీస్‌కు ఆ విభాగంలో దక్కిన ఒకే ఒక్క నామినేషన్ అది.

కాబట్టి ఆరుతో ఆపకూడదు. సమయం తక్కువున్నవాళ్లు 'అటాచ్డ్', 'ఇన్‌హెరిటెన్స్', 'ప్యారలల్స్', 'ది పెగాసస్', 'లోయర్ డెక్స్', 'ప్రీఎంప్టివ్ స్ట్రైక్', 'ఆల్ గుడ్ థింగ్స్' ఈ వరసలోనే చూడాలి. 'ఫోర్స్ ఆఫ్ నేచర్'ను కోస్తాలో ఉన్నవాళ్లు రెండో సగం కోసమైనా వదలకూడదు. 'సబ్ రోజా' చూడకపోతే పోయేదేం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. 'లోయర్ డెక్స్'కు ముందు ఐదో సీజన్‌లోని 'ద ఫస్ట్ డ్యూటీ'ని మళ్లీ ఒకసారి చూడాలి. సీటో అప్పుడు దాచిన అబద్ధం ఏమిటో మనసులో తాజాగా లేకపోతే, పికార్డ్ ఆమెను మందలించే సన్నివేశం మామూలు ఆఫీసు తిట్లలా అనిపించి జారిపోతుంది.